ఆ రోజులే బాగుండేవా?





ఇళ్ళ ఆశీర్వాదానికి వెళ్ళినప్పుడు మా గురువులకు తరచుగా వినబడే మాట ఒకటుంది. మంచినీళ్ళు ఇచ్చి కూర్చోబెట్టిన తరువాత ఇంటి పెద్దాయన మెల్లగా మొదలుపెడతారు: "మా రోజులే వేరు ఫాదర్‌గారూ!" ఈ మధ్య ఒక ఇంట్లో అలాగే జరిగింది. ఎనభై అయిదేళ్ళు దాటిన తాతగారు. మంచి విశ్వాసి. చేతిలో జపమాల ఎప్పుడూ ఉంటుంది. ఆయన అన్నారు: "సాయంత్రం గుడి గంట కొడితే పొలంలో ఉన్నవాడు పొలంలోనే ఆగి త్రికాల జపం చెప్పుకునేవాడు. పిల్లలు పెద్దల మాట జవదాటేవాళ్ళు కాదు. తిండిలో కల్తీ లేదు, మనసులో కల్తీ లేదు. ఇప్పుడు చూడండి, ఎవడి ఫోను వాడిది. లోకం పాడైపోయింది. అంత్యదినాలు దగ్గరపడ్డాయి."

నేను తల ఊపుతూ వింటున్నాను. అంతలో గుమ్మం దగ్గర కూర్చుని చేటలో బియ్యం ఏరుకుంటున్న మామ్మగారు తల ఎత్తకుండానే మాట్లాడారు.

"ఆ రోజులు మంచివే ఫాదర్‌గారూ. కాని నేను ఏడుగుర్ని కన్నాను. నలుగుర్ని పెంచాను. ముగ్గుర్ని మట్టిలో పెట్టాను. మా పెద్దపిల్లకు అయిదేళ్ళు. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే బండి కట్టి పట్నం తీసుకుపోతుంటే దారిలోనే, నా ఒళ్ళోనే పోయింది. మొన్న మా మునిమనవరాలికి అదే జబ్బు వచ్చింది. దాని తల్లి ఒక పొట్లం చింపి నీళ్ళలో కలిపి చెంచాతో పట్టింది. సాయంత్రానికి పిల్ల లేచి ఆడుకుంది. నేను లోపలికి పోయి ఏడ్చాను."

తాతగారు ఏమీ అనలేదు. నేను కూడా ఏమీ అనలేకపోయాను. ఆ ఇంటి నుంచి వచ్చినప్పటి నుంచి మామ్మగారి మాట నన్ను వదలలేదు. అందుకే ఈ వారం మీతో ఈ విషయం గురించి మాట్లాడాలనుకున్నాను.

జ్ఞాని చేసిన హెచ్చరిక

గడిచిన రోజులు ఈ రోజులకంటె ఎందుకు మేలుగా ఉండేవని అడగడం వివేకం కాదని ఉపదేశకుని గ్రంథం ఏడవ అధ్యాయంలో (7:10) జ్ఞాని మనలను హెచ్చరిస్తున్నాడు. చూశారా! రెండువేల ఏళ్ళకు ముందే మనుషులు "ఆ రోజులే వేరు" అనుకునేవారన్నమాట. ఇది మన తాతగారితో మొదలైంది కాదు.

సంఖ్యాకాండం పదకొండవ అధ్యాయం చదవండి. ఎడారిలో నడుస్తున్న ఇశ్రాయేలు ప్రజలకు ఐగుప్తు గుర్తుకు వచ్చింది. ఏం గుర్తుకు వచ్చింది? చేపలు, దోసకాయలు, కర్బూజాలు, ఉల్లిపాయలు, వెల్లుల్లిపాయలు! మరి వీపు మీద కొరడా దెబ్బలు? ఇటుకల బట్టీలు? పుట్టిన మగబిడ్డలందరినీ నైలునదిలో పారవేయమన్న ఫరో ఆజ్ఞ? అవేవీ గుర్తుకు రాలేదు. జ్ఞాపకం అనేది జల్లెడ వంటిది. ఉల్లిపాయల రుచిని నిలుపుకుంటుంది, తల్లుల కన్నీళ్ళను జారవిడుస్తుంది.

మనం కూడా అంతే. చిన్ననాటి క్రిస్మసు గుర్తుంటుంది. ఆ క్రిస్మసుకు లేని తమ్ముడు గుర్తుండడు. తండ్రికి గుర్తులేనిది తల్లికి గుర్తుంటుంది. ఆమెను మాత్రం మనం అడగం.

మరణాల రిజిస్టరు చెప్పే కథ

ఆ రాత్రి నేను గుడి బీరువాలోని పాత రిజిస్టర్లు తీసి చూశాను. జ్ఞానస్నానాల పుస్తకం ఒకటి, మరణాల పుస్తకం ఒకటి. పక్కపక్కనే పెట్టి చదివితే ఎవరి గుండె అయినా చెరువవుతుంది. ఈ పుస్తకంలో ఉన్న పేరే ఏడాది తిరగకుండా ఆ పుస్తకంలో కనబడుతుంది. వయస్సు రాసే గడిలో "3 నెలలు", "11 రోజులు", "2 సం." అని వరుసగా ఉంటుంది. మీ విచారణలో పాత రిజిస్టర్లు ఉంటే ఒకసారి విచారణ గురువులను అడిగి చూడండి. అందులో మీ ఇంటిపేరు కూడా కనబడవచ్చు.

దేశమంతా అలాగే ఉండేది. 1971లో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యిమంది బిడ్డలలో 129 మంది మొదటి పుట్టినరోజు చూడకుండానే కన్నుమూసేవారు. 2020 నాటికి ఆ సంఖ్య 28కి తగ్గింది. ఇప్పటికీ అది ఎక్కువే, ఒక్క బిడ్డ చనిపోయినా ఎక్కువే. కాని ఆ తేడాలో ఎంతమంది తల్లుల ఒడి నిండిందో లెక్కవేయండి. స్వాతంత్ర్యం వచ్చిన నాటికి మనిషి సగటు ఆయుర్దాయం సుమారు 32 ఏళ్ళు. ఇప్పుడు 70కి అటూ ఇటూ. "ఆ రోజులే బాగుండేవి" అని చెప్పటానికి మన తాతగారు ఎనభై అయిదేళ్ళు బతికి ఉండటమే దేవుడు మన కాలానికి చేసిన మేలు కాదా?

మసూచికమ్మ పేరు చెబితే ఊళ్ళు ఖాళీ అయిన రోజులున్నాయి. 1974లో కూడా బీహారు, ఒరిస్సా, బెంగాలు ప్రాంతాలలో వేలాదిమంది ఆ జబ్బుతో చనిపోయారు. మరుసటి ఏడాదే, 1975లో, మన దేశంలో చివరి మసూచి కేసు నమోదైంది. 1980 మే నెలలో ప్రపంచ ఆరోగ్యసంస్థ ఆ వ్యాధి భూమి మీదనే లేకుండా పోయిందని ప్రకటించింది. పోలియో సంగతి మీకందరికీ తెలిసిందే. కాళ్ళు చచ్చుబడి చేతులతో పాకుతూ గుడికి వచ్చిన వారిని మనం చూశాం. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో వచ్చింది. 2014లో మన ప్రాంతమంతా పోలియో లేనిదిగా ధ్రువీకరింపబడింది. కుష్ఠువ్యాధి కూడా అంతే. ఊరి బయటకు నెట్టివేయబడిన ఆ సోదరులకు మన సిస్టర్లు కట్లు కట్టి, అన్నం పెట్టి దగ్గరకు తీసుకున్నారు. వ్యాధిని పూర్తిగా నయం చేసే మందుల కోర్సు మాత్రం 1980 తరువాతనే అందుబాటులోకి వచ్చింది.

కరువుల మాట చెప్పనక్కరలేదు. 1832-33లో నందన నామ సంవత్సరపు కరువుకు గుంటూరు సీమలో లక్షమందికి పైగా చనిపోయారు. ఆకలికి డొక్కలు బయటపడ్డాయి గనుక దానిని డొక్కల కరువు అన్నారు. తుఫాను చూద్దాం. 1977 నవంబరు 19న దివిసీమను సముద్రం ముంచెత్తినప్పుడు పదివేలమందికి తక్కువ కాకుండా చనిపోయారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం మీద విరుచుకుపడింది. నష్టం అపారం. కాని మన రాష్ట్రంలో మృతుల సంఖ్య వందకు చేరలేదు. గాలికి దయ కలిగి కాదు. ముందుగా హెచ్చరిక అందింది, లక్షలాది జనాన్ని సురక్షిత స్థలాలకు తరలించారు. అంతే.

చదువు సంగతి? 1951 జనాభా లెక్కలలో మన దేశంలో నూరుమంది స్త్రీలకు తొమ్మిదిమందికే అక్షరాలు వచ్చు. 2011 నాటికి అరవై అయిదుమందికి వచ్చు. మన మామ్మగారు పెళ్ళి రిజిస్టరులో వేలిముద్ర వేశారు. ఆమె మనవరాలు ఆదివారం పూజలో మొదటి పఠనం చదువుతున్నది.

పొట్లం వెనుక ఉన్న చేతులు

ఇవన్నీ వాటంతటవే వచ్చాయా? రాలేదు. ఇక్కడే మనం జాగ్రత్తగా ఆలోచించాలి.

మామ్మగారిని ఏడిపించిన ఆ పొట్లం సంగతే చూద్దాం. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలంలో లక్షలాది కాందిశీకులు మన సరిహద్దు దాటి వచ్చారు. బెంగాలులోని బన్‌గావ్ శిబిరంలో కలరా చెలరేగింది. సెలైను సీసాలు అయిపోతున్నాయి. రోగులు నేల మీద పడి ఉన్నారు. అక్కడ దిలీప్ మహలనాబిస్ అనే యువ వైద్యుడు ఒక నిర్ణయం తీసుకున్నాడు. ఉప్పు, గ్లూకోజు, సోడా ఉప్పు తగిన పాళ్ళలో నీళ్ళలో కలిపి, డ్రమ్ములలో పోసి, రోగుల తల్లులకూ బంధువులకూ అప్పగించి తాగించమన్నాడు. అప్పటిదాకా నూటికి ముప్పైమంది చనిపోతున్న చోట నలుగురికి లోపే చనిపోయారు. రూపాయలలో చూస్తే అతి చవక మందు. లోకమంతటా కోట్లాది పిల్లలను బతికించింది. ఆ వైద్యుడు 2022లో కన్నుమూశారు.

మన ఇంటి ఉదాహరణ ఒకటి చెబుతాను. ఆస్ట్రేలియాలో మేరీ గ్లౌరీ అనే వైద్యురాలు ఉండేది. మెల్బోర్న్ నగరంలో మంచి పేరున్న కంటి డాక్టరు. ఒక చిన్న పుస్తకంలో భారతదేశంలో పసిబిడ్డల మరణాల గురించి చదివి, 1920లో గుంటూరు వచ్చి జె.ఎం.జె. సభలో సిస్టరుగా చేరింది. ఆ రోజులలో శ్రీసభ చట్టం ప్రకారం మఠకన్యలు వైద్యం చేయకూడదు. పోపుగారి ప్రత్యేక అనుమతి తీసుకుని ఆమె వైద్యం చేశారు. మగ డాక్టరు ముందుకు రావడానికి సంకోచించే తల్లులు ఆమె దగ్గరకు వచ్చారు. స్థానిక యువతులకు నర్సులుగా, మంత్రసానులుగా, కాంపౌండర్లుగా శిక్షణ ఇచ్చారు. 1943లో ఆమె స్థాపించిన కతోలిక ఆసుపత్రుల సంఘం నేడు దేశమంతా విస్తరించి ఉంది. 1957లో ఆమె దేవుని పిలుపు అందుకున్నారు. 2013లో ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించారు.

ఆమె గుంటూరుకు వచ్చింది "కాలం చెడిపోయింది" అని నిట్టూర్చడానికి కాదు. చీకటిని తిట్టుకుంటూ కూర్చునేవారు వేరు, దీపం పట్టుకుని నడిచేవారు వేరు. దేవుడు రెండవవారి చేతుల ద్వారా పని చేస్తాడు. ఆ శిబిరంలో రోగులను కాపాడిన వైద్యుడు మన మతంవాడు కాకపోవచ్చు. మేలు ఎక్కడ జరిగినా దాని మూలం పవిత్రాత్మే కదా!

గుడిలో కూడా

కొందరు అంటారు: "లోకం సంగతి సరే ఫాదర్, భక్తి మాత్రం ఆ రోజులలోనే ఉండేది." ఉండేది, కాదనను. మోకాళ్ళ మీద నిలబడి జపమాల చెప్పిన ఆ తరం విశ్వాసమే నేడు మనకు ఊపిరి. కాని నిజం కూడా చెప్పుకుందాం. పూజ లత్తీను భాషలో జరిగేది. గురువు ఏమి చదువుతున్నారో విశ్వాసులకు తెలిసేది కాదు. రెండవ వాటికన్ మహాసభ తరువాతనే మన తల్లిభాషలో దేవునికి జవాబు చెప్పగలిగాము. క్రీస్తు ఒకే బల్ల దగ్గరకు పిలిచినా, అనేక చోట్ల కులం పేరుతో గుడిలోనే వేరు వరుసలు ఉండేవి, చనిపోయిన తరువాత సమాధులకూ వేరు చోట్లు ఉండేవి. ఆ పాపం ఇంకా పూర్తిగా పోలేదు. కాని 2022 ఆగస్టు 27న రోమునగరంలో పోపు ఫ్రాన్సిస్‌గారు మన తెలుగుబిడ్డ, హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల అంతోని గారికి కార్డినల్ టోపీ పెట్టినప్పుడు, దళితుల నుండి తొలి కార్డినల్‌ను ప్రపంచం చూసింది. వెనుక వరుసలో కూర్చున్న మన తాతముత్తాతలు ఆ దృశ్యం కలనైనా కన్నారా?

మామ్మగారి ప్రశ్న

ఇక మామ్మగారి దగ్గరకు వద్దాం. నేను బయలుదేరుతుంటే ఆమె గుమ్మందాకా వచ్చి, ఎవరూ వినకుండా ఒక మాట అడిగారు.

"మూడోవాడికి పేరు కూడా పెట్టలేదు ఫాదర్‌గారూ. పుట్టిన రాత్రే పోయాడు. ఉపదేశిగారు ఊళ్ళో లేరు. జ్ఞానస్నానం అందలేదు. సమాధుల దొడ్డిలో పెట్టకూడదన్నారు. గోడ బయట పెట్టారు. వాడు ఎక్కడున్నాడు?"

అరవై ఏళ్ళుగా ఆ తల్లి ఈ ప్రశ్న మోస్తున్నది. ఆనాటి శ్రీసభ చట్టం అలాగే ఉండేది. 1917 నాటి ధర్మశాస్త్రం జ్ఞానస్నానం లేనివారికి శ్రీసభ సమాధిని నిరాకరించింది. నేడు అలా లేదు. జ్ఞానస్నానం ఇప్పించాలని తల్లిదండ్రులు కోరుకుని ఉంటే, ఆ బిడ్డకు అంత్యక్రియల ప్రార్థన చేయవచ్చునని 1983 ధర్మశాస్త్రం చెబుతున్నది. అటువంటి పసివారిని దేవుని దయకు అప్పగిస్తున్నామని 1992లో వచ్చిన కతోలిక సత్యోపదేశం చెప్పింది. వారి రక్షణ గురించి నిరీక్షించడానికి బలమైన కారణాలు ఉన్నాయని 2007లో వాటికన్ వేదాంత పండితుల సంఘం వివరించింది. చిన్నబిడ్డలను నా దగ్గరకు రానివ్వండి అన్న ప్రభువు గోడ బయట ఉన్న బిడ్డను మరచిపోతాడా? నేను మామ్మగారికి అదే చెప్పాను.

ప్రియ సోదరీ సోదరులారా, ఇక్కడ ఒక గొప్ప సత్యం ఉంది. మందులు, చదువులు, చట్టాలు బాగుపడ్డాయి, సంతోషమే. కాని ఆ పొట్లం వచ్చేటప్పటికి మామ్మగారి పెద్దపిల్ల వెళ్ళిపోయింది. రేపటి పిల్లలు ఎంతమంది బతికినా ఆ పిల్ల తిరిగి రాదు. లోకంలోని అభివృద్ధి అంతా కలిసినా పోయినవారికి న్యాయం చేయలేదు. అది ఒక్క పునరుత్థానుడైన క్రీస్తే చేయగలడు. అందుకే క్రైస్తవుని నిరీక్షణ వట్టి ఆశావాదం కాదు. ఆశావాదం "రేపు బాగుంటుంది" అంటుంది. నిరీక్షణ "రేపు నా ప్రభువు చేతిలో ఉంది, నిన్న పోయినవారు కూడా ఆయన చేతిలోనే ఉన్నారు" అంటుంది.

కలుపు లేదని కాదు

తాతగారి బాధలో నిజం లేదని నేను అనను. ఒకే ఇంట్లో నలుగురు నాలుగు తెరలు చూస్తూ కూర్చుంటున్నారు. పిల్లలు అమెరికాలో, తల్లిదండ్రులు తాళం వేసిన ఇంట్లో ఉంటున్నారు. సారా, అప్పులు సంసారాలను కూలుస్తున్నాయి. పొలంలో మందు, నీటిలో మందు. యుద్ధాల వార్తలు ఆగడం లేదు. ఇవన్నీ కళ్ళముందున్నవే.

మత్తయి సువార్త పదమూడవ అధ్యాయంలో ప్రభువు చెప్పిన గోధుమలు, కలుపు ఉపమానం మన రైతులకు బాగా తెలుస్తుంది. వరిచేలో ఊద మొలిస్తే చిన్నప్పుడు వరిలాగానే కనబడుతుంది. తొందరపడి పీకితే వరి కూడా లేచివస్తుంది. మన కాలం కూడా అటువంటి చేనే. ఊదను మాత్రమే చూసి "చేనంతా పోయింది" అనేవాడు రైతు కాడు. ఊద లేదని కళ్ళు మూసుకునేవాడూ రైతు కాడు. నిన్నటి చేలో కూడా ఊద ఉంది. దాని పేరు వేరు, అంతే.

పునీత ఇరవైమూడవ జాన్ పోపుగారు 1962 అక్టోబరు 11న రెండవ వాటికన్ మహాసభను ప్రారంభిస్తూ, ఎప్పుడూ కీడునే ప్రవచిస్తూ లోకాంతం వచ్చిందన్నట్లు మాట్లాడేవారితో తాను ఏకీభవించనని స్పష్టంగా చెప్పారు. ఆయన లోకం తెలియని అమాయకుడా? కౌలురైతు బిడ్డ. మొదటి ప్రపంచయుద్ధంలో గాయపడిన సైనికులకు సేవ చేసినవారు. ఆ మాట అన్ననాటికే ఆయన దేహంలో క్యాన్సరు ఉంది. ఆ ప్రసంగం జరిగిన కొద్దిరోజులకే క్యూబా విషయమై అమెరికా, రష్యాలు అణుయుద్ధం అంచుకు వచ్చాయి. అప్పుడు ఆయన రేడియోలో శాంతి కోసం విజ్ఞప్తి చేశారు. 1963 ఏప్రిల్‌లో లోకశాంతి గురించి లేఖ రాశారు. జూన్ 3న కన్నుమూశారు. చావు దగ్గరలో ఉండి కూడా కాలాన్ని దీవించిన మనిషి ఆయన.

మనమేమి చేయాలి?

పెద్దలారా! మీ మనవలకు మీ రోజుల మంచి చెప్పండి. త్రికాల జపం నేర్పండి. దానితోపాటు మీ రోజుల కష్టం కూడా దాచకుండా చెప్పండి. అప్పుడే తాము తాగే శుభ్రమైన నీళ్ళకు, చదివే పుస్తకానికి దేవునికి వందనం చెప్పడం వారికి తెలుస్తుంది. కాలాన్ని తిట్టడమే వారు మీ దగ్గర నేర్చుకుంటే, ఆ కాలంలో పుట్టించిన దేవుణ్ణి ఎలా ప్రేమిస్తారు?

యువతీయువకులారా! మీరు అనుభవిస్తున్నదంతా ఒకరి చెమట, ఒకరి కన్నీరు. దానికి బదులు మీరు రాబోయే తరానికి ఏమి ఇస్తున్నారు? ఈ వారం ఒక సాయంత్రం ఫోను పక్కన పెట్టి మీ మామ్మ దగ్గర కూర్చోండి. "మామ్మా, నీ చిన్నప్పుడు ఎలా ఉండేది?" అని అడగండి. ఆమె చెప్పేది పూర్తిగా వినండి.

చివరిగా ఒక మాట. మరుసటి ఆదివారం పూజకు ముందు తాతగారు వస్త్రాలు ధరించే గదికి వచ్చారు. పూజ తలంపు కోసం ఒక చీటీ ఇచ్చారు. అందులో మూడు పేర్లు ఉన్నాయి. మూడవ పేరు పక్కన "నిన్న పెట్టాము" అని రాసి ఉంది. ఆయన కళ్ళు తుడుచుకుంటూ అన్నారు: "ఆ రోజులు నాకు బాగుండేవి ఫాదర్‌గారూ. ఆమెకు ఎలా ఉండేవో నేను ఎప్పుడూ అడగలేదు."

కాలాలన్నింటికీ ప్రభువైన యేసు, నిన్నటి మన గాయాలను మాన్పి, నేటి మేలులను గుర్తించే కళ్ళను, రేపటికోసం పనిచేసే చేతులను మన కుటుంబాలన్నింటికీ దయచేయునుగాక. ఆమెన్.